ఏడేళ్ల గేమింగ్ సిస్టమ్: మొత్తం మార్చాలా, కొన్ని పార్టులు మారిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది ఖమ్మం. 2019లో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సిస్టమ్ అసెంబుల్ చేయించుకున్నాను. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, ఒకటే 8 జీబీ ర్యామ్ స్టిక్, జీటీఎక్స్ 1060 6 జీబీ కార్డు, 1 టీబీ హార్డ్‌డిస్క్, క్యాబినెట్‌తో పాటే వచ్చిన 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై). మానిటర్ 1080పీ, 75 హెర్ట్జ్. వాలరంట్ పర్వాలేదు. సైబర్‌పంక్ 2077 మాత్రం మొదట కాస్త నడిచి, అరగంట దాటాక ఆగి ఆగి పోతోంది. ఇంకా విండోస్ 10 మీదే ఉన్నాను. ఇక్కడ షాపులో చూపిస్తే ‘ఇది పాతబడిపోయింది, మొత్తం మార్చాల్సిందే’ అని 95 వేలకు కొటేషన్ ఇచ్చారు. నా దగ్గర 45 వేలున్నాయి. ఇంకో ఏడాది ఆగి కొత్తదే కొనాలా, దీన్నే బాగుచేసుకోవాలా?

జవాబు: మొత్తం మార్చకండి. ఏడాది ఆగాల్సిన పని కూడా లేదు. మీ సిస్టమ్‌లో నిజంగా పాతబడిన పార్టు ఒకటి, గ్రాఫిక్స్ కార్డు. కొన్న రోజు నుంచే లోటుగా ఉన్నవి మూడు: ర్యామ్, హార్డ్‌డిస్క్, ఎస్ఎంపీఎస్. షాపులో ఈ రెండు రకాలనూ కలిపి ‘పాతది’ అనేశారు.

సైబర్‌పంక్‌నే చూడండి. 2023లో ఆ గేమ్ తయారీదారులు కనీస అవసరాల జాబితాను సవరించారు. అందులో గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1060 6 జీబీ, అంటే మీ కార్డే. ప్రాసెసర్ రైజెన్ 5 1600, మీదానికంటే ముందు తరానిది. కానీ ర్యామ్ 12 జీబీ ఉండాలి, గేమ్ ఎస్ఎస్‌డీ (తిరిగే పలక లేని వేగమైన డిస్క్) మీద ఉండాలి. మీకు తక్కువైనవి ఆ రెండే. ఇంత మాత్రానికి మొత్తం సిస్టమ్ మార్చడమంటే ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే.

అయినా, రూపాయి ఖర్చు పెట్టేముందు ఒక సాయంత్రం కొలతలకు కేటాయించండి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉచితం, దానితో పాటే అంకెలను తెర మీద చూపే రివాట్యూనర్ వస్తుంది. స్క్రీన్ మూలన కనిపించేలా ఇవి పెట్టుకోండి: కార్డు వాడకం శాతం, కార్డు వేడి, కార్డు క్లాక్ (అది నడిచే వేగం), కార్డు మెమరీ, ప్రాసెసర్ వేడి, ప్రాసెసర్ ఒక్కో థ్రెడ్ వాడకం, ర్యామ్ వాడకం, ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కు పట్టే సమయం) గ్రాఫ్. కొలిచేటప్పుడు వీసింక్ (ఫ్రేమ్‌లను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు), ఫ్రేమ్‌ల పరిమితి రెండూ ఆపేయాలి. అవి ఉంటే కార్డు 60 శాతమే పనిచేస్తున్నట్టు చూపిస్తుంది, తప్పు ప్రాసెసర్ మీదకు పోతుంది. ప్రాసెసర్ మొత్తం శాతాన్ని కూడా నమ్మకండి. మీ 2600కు 12 థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిచే పని వరసలు. వాటిలో ఒక్కటి 100కు కొట్టుకుని మిగతావి మూడో వంతే పనిచేస్తున్నా మొత్తం అంకె 40 దగ్గరే కనిపిస్తుంది, గేమ్ మాత్రం ఆ ఒక్కదాని దగ్గరే ఇరుక్కుపోతుంది.

అలా నలభై నిమిషాలు ఆడండి. అరగంట దాటాక ఇబ్బంది వస్తోందన్నారు గనుక అనుమానించాల్సినవి రెండు. వేడి ఒకటి. జీటీఎక్స్ 1060 సుమారు 83 డిగ్రీల దగ్గర క్లాక్ తగ్గించుకోవడం మొదలుపెడుతుంది; 2600 ప్రాసెసర్‌కు హద్దు 95. ఆగి ఆగి నడిచే సమయానికి వేడి ఆ అంకెల దగ్గరుండి, క్లాక్ మొదట్లో కంటే కిందికి పడిపోయి ఉంటే దుమ్మే కారణం. రెండోది ర్యామ్ నిండిపోవడం. క్లాక్ నిలకడగానే ఉండి, ర్యామ్ 7.5 జీబీ దాటి, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తుంటే, ర్యామ్‌లో పట్టనిదాన్ని విండోస్ హార్డ్‌డిస్క్ మీదకు తోస్తోందన్నమాట. హార్డ్‌డిస్క్ వరసగా చదివితే సెకనుకు 100 నుంచి 200 ఎంబీ ఇస్తుంది. కానీ ఇలా చెల్లాచెదురుగా అడిగినప్పుడు ప్రతిసారీ లోపలి చెయ్యి అటూ ఇటూ కదలాలి. ఒక్కో కదలికకు దాదాపు 10 మిల్లీసెకన్లు. 60 ఫ్రేమ్‌ల ఆటలో ఒక ఫ్రేమ్‌కు ఉండే సమయం 16.7 మిల్లీసెకన్లే. ఎందుకు ఆగుతోందో ఆ లెక్కే చెబుతుంది. మీ విషయంలో వేడి, ర్యామ్ రెండూ కలిసే అవకాశం ఎక్కువ.

చివరగా గేమ్‌ను 720పీకి తగ్గించి అదే చోట మళ్లీ చూడండి. ఫ్రేమ్‌లు బాగా పెరిగితే బరువు కార్డు మీద ఉంది. ఏమాత్రం పెరగకపోతే ప్రాసెసర్ మీదో ర్యామ్ మీదో ఉంది. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ప్రతి పార్టు మార్చాక మళ్లీ ఇదే చోట కొలవాలి.

దుమ్ము సంగతి త్వరగా ముగిద్దాం. ప్లగ్ తీసి, క్యాబినెట్ పక్క రేకు విప్పి, బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ప్రతి ఫ్యాన్‌నూ వేలితో పట్టుకోవాలి. లేకపోతే అది ఉండాల్సిన వేగం కంటే ఎక్కువ తిరిగి బేరింగ్ పాడవుతుంది. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఏడేళ్లకు ఎండిపోయి ఉంటుంది. కూలర్ తీసేముందు ఏదైనా గేమ్‌తో పదిహేను నిమిషాలు సిస్టమ్‌ను వేడెక్కించి ఆపండి. స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేసి, కూలర్‌ను నిటారుగా పీకకుండా కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పి వదిలించండి. మీ బోర్డులాంటి ఏఎం4 సాకెట్ బోర్డుల్లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. గట్టిపడిన పేస్ట్‌ను అలాగే లాగితే లీవర్ వేసి ఉన్నా ప్రాసెసర్ కూలర్‌కు అంటుకుని ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్త పేస్ట్ చాలు. ఖమ్మంలో మే నెలలో ఆడేవాళ్లకు ఈ పని ఏడాదికోసారి తప్పదు.

ఇక డబ్బు. పార్టులను కొనేముందు వాటిని రెండు కుప్పలుగా చూడండి. ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్, గ్రాఫిక్స్ కార్డు రేపు కొత్త సిస్టమ్ కొన్నా మీ వెంట వస్తాయి. డీడీఆర్4 ర్యామ్, ఏఎం4 ప్రాసెసర్ ఈ బోర్డుతోనే ఆగిపోతాయి. వెంట వచ్చేవాటికి మంచి సరుకే కొనండి, కక్కుర్తి పడొద్దు. ఆగిపోయేవాటికి వీలైనంత తక్కువ పెట్టండి. ఆగిపోయేవాటి ఖర్చు కొత్త సిస్టమ్ ధరలో మూడో వంతు దాటుతుంటే అక్కడ ఆపేయాలి. మీ లెక్క దాని దరిదాపులకు కూడా రాదు.

పైగా కొత్త ప్లాట్‌ఫామ్‌కు మారడానికి ఇది మంచి సమయం కాదు. కొత్త రైజెన్‌ల ఏఎం5 బోర్డులు కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ మాత్రమే తీసుకుంటాయి. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ మళ్లిపోవడంతో 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. మీకిచ్చిన 95 వేల కొటేషన్‌లో ర్యామ్ వాటా ఎంతో విడిగా అడగండి.

మొదట కొనాల్సింది ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, అంటే బోర్డు మీది ఎం.2 స్లాట్‌లో నేరుగా గుచ్చేది. 1 టీబీ తీసుకోండి. సైబర్‌పంక్ ఒక్కటే 70 జీబీ అడుగుతుంది. బీ450 బోర్డులో పార్టులకు డేటా వెళ్లే దారి పీసీఐఈ 3.0 వరకే గనుక వేగం సెకనుకు 3,500 ఎంబీ దగ్గర ఆగుతుంది. పీసీఐఈ 4.0 ఎస్ఎస్‌డీ పెట్టినా పనిచేస్తుంది, ఆ హద్దులోనే. కొనేముందు బోర్డు మాన్యువల్ తెరవండి. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్ నిండితే హార్డ్‌డిస్క్ కేబుల్ తగిలించే సాటా పోర్టుల్లో రెండు పనిచేయడం మానేస్తాయి. మీ హార్డ్‌డిస్క్ కేబుల్ వాటిలోనే ఉంటే ‘కొత్తది పెట్టగానే పాతది చచ్చిపోయింది’ అనిపిస్తుంది. కేబుల్‌ను వేరే పోర్టుకు మారిస్తే మళ్లీ కనిపిస్తుంది. ఎం.2 స్క్రూ, దాని కింద నిలబెట్టే చిన్న స్టాండ్ బోర్డు పెట్టెలో ఉన్నాయో లేదో చూసుకోండి. ఏడేళ్లలో అవి పోవడం మామూలే.

ఎస్ఎస్‌డీ మీద కొత్తగా విండోస్ ఎలాగూ వేయాలి, ఆ పనిలోనే విండోస్ 11కు మారిపోండి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. మీ రైజెన్ 5 2600 విండోస్ 11 అధికారిక జాబితాలో ఉంది. దానికి ముందటి రైజెన్ 1000 వరస లేదు. ఒక్క తరం తేడాతో మీరు గట్టెక్కారు.

విండోస్ వేయడానికి ముందు బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. దీనివల్ల మీకు రెండు లాభాలు. విండోస్ 11 కోసం ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోని భద్రతా సౌకర్యం) ఆన్ చేయాలి. పాత బయోస్‌లలో అది ఆన్ అయితే అప్పుడప్పుడూ సిస్టమ్ ఒక క్షణం బిగుసుకుపోయే లోపం ఉండేది. 2022లో వచ్చిన ఏఎండీ బయోస్ కోడ్ అగీసా 1.2.0.7తో దాన్ని సరిచేశారు. రేపెప్పుడైనా రైజెన్ 5 5600 వేసుకోవాలన్నా కొత్త బయోసే కావాలి. బోర్డు తయారీదారు సైట్‌లో మీ బోర్డు అసలు పేరు, రివిజన్ నంబరు సరిచూసుకుని ఫైల్ దించుకోండి. మధ్యలో ఫలానా వెర్షన్ వేశాకే ఇది వేయాలి అని రాసి ఉంటే ఆ వరస తప్పొద్దు. ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో పెట్టి, బయోస్ లోపలున్న అప్‌డేట్ ఆప్షన్ నుంచే చేయండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవదు. యూపీఎస్ లేకపోతే ఉన్నవాళ్ల ఇంటికి క్యాబినెట్ తీసుకెళ్లి చేసుకోవడం మేలు. అప్‌డేట్ అయ్యాక సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. సీఎస్ఎం (పాత పద్ధతి బూట్) ఆపడం, ఎఫ్‌టీపీఎం ఆన్, సెక్యూర్ బూట్ ఆన్, ర్యామ్‌కు ఎక్స్‌ఎంపీ (దాని అసలు వేగంతో నడిపే సెట్టింగు), ఈ నాలుగూ అప్పుడు పెట్టండి. విండోస్ 11లో వాలరంట్‌కు ఎఫ్‌టీపీఎం, సెక్యూర్ బూట్ రెండూ ఉండాలి, లేకపోతే గేమ్ తెరుచుకోదు.

విండోస్ వేసేటప్పుడు పాత హార్డ్‌డిస్క్ కేబుల్ ఊడదీసి ఉంచండి. అలా తీయకపోవడం చాలామంది చేసే పొరపాటు: రెండూ తగిలించి ఉంటే విండోస్ ఎస్ఎస్‌డీ మీద పడినా, బూట్ ఫైళ్లు హార్డ్‌డిస్క్ మీదకు వెళ్లే ప్రమాదం ఉంది. ఏడాది తర్వాత ఆ హార్డ్‌డిస్క్ పోయిన రోజున కొత్త ఎస్ఎస్‌డీ కూడా బూట్ కాదు. ఇన్‌స్టాల్ అయ్యాక మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో బిట్‌లాకర్ రికవరీ కీ ఉందేమో చూసి రాసి పెట్టుకోండి. కొత్త విండోస్ 11 డిస్క్‌ను తనంతట తానే బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ చేయగలదు, అంటే తాళం వేయగలదు. ప్రాసెసర్ మార్చినా బయోస్ మార్చినా ఆ కీ అడగొచ్చు.

రెండోది ర్యామ్. ఇప్పుడున్న స్టిక్ తీసి లేబుల్ చదవండి, వీలైతే అదే మోడల్ 8 జీబీ ఇంకొకటి తీసుకోండి. మొత్తం 16 అవుతుంది. అంతకంటే పెద్ద లాభం డ్యూయల్ ఛానల్. ఒక్క స్టిక్‌తో మీ ప్రాసెసర్ ఇన్నాళ్లూ సగం దారిలోనే మెమరీ అందుకుంటోంది. రైజెన్‌లో లోపలి అనుసంధానం కూడా ర్యామ్ వేగంతోనే నడుస్తుంది గనుక ఈ లోటు ఇంకా గట్టిగా తగులుతుంది. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. మొదటి రెండిట్లో పక్కపక్కన పెడితే రెండూ ఒకే ఛానల్‌లో పడతాయి. ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే 3200 స్టిక్ 2133కో 2400కో పడిపోయి నడుస్తుంది, అలా ఏళ్ల తరబడి నడుపుతున్నవాళ్లు ఎందరో. 2600కు అధికారిక హద్దు 2933. 3200 దగ్గర సిస్టమ్ లేవకపోయినా గేమ్‌లు కుప్పకూలినా 2933కు తగ్గించండి. తేడా కంటికి తెలియదు. ఈ పార్టు ఆగిపోయే కుప్పలోది, అందుకే సెకండ్ హ్యాండ్ తీసుకోవడానికి వెనకాడొద్దు. తిరిగే పార్టు ఏదీ లేని వస్తువు ఇది, పాతదైనా భయం తక్కువ. మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు ఒక్క ఎర్రర్ లేకుండా దాటితే చాలు.

ఈ రెండూ పెట్టాక సైబర్‌పంక్ మళ్లీ అదే చోట కొలవండి. సగటు ఫ్రేమ్‌లు పెద్దగా పెరగకపోవచ్చు. ఫ్రేమ్‌టైమ్ గ్రాఫ్‌లో పైకి లేచే ముళ్లు మాత్రం చాలావరకు పోతాయి, మిమ్మల్ని విసిగిస్తున్నవి అవే. గేమ్‌లో ఎఫ్ఎస్ఆర్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెంచి చూపే సెట్టింగు) ఆన్ చేయండి. అది మీ 1060 మీద కూడా పనిచేస్తుంది. 75 హెర్ట్జ్ మానిటర్‌కు 75కు మించిన ఫ్రేమ్‌లు ఎలాగూ చూపించే వీల్లేదు. 55, 60 దగ్గర నిలకడగా వస్తూ మీకు తృప్తిగా ఉంటే ఇక్కడే ఆగిపోండి. మిగిలిన డబ్బు మీదే.

ఆగలేని కారణం ఒకటుంది. జీటీఎక్స్ 1060 వచ్చింది 2016లో. 2025 అక్టోబర్ తర్వాత ఎన్విడియా ఈ వరసకు కొత్త గేమ్‌ల డ్రైవర్లు ఆపేసింది. 2028 అక్టోబర్ వరకు భద్రతా అప్‌డేట్లు మాత్రం ఇస్తుంది. దీంట్లో రే ట్రేసింగ్ (కాంతి దారిని బట్టి వెలుగు నీడలు లెక్కగట్టే పద్ధతి) హార్డ్‌వేర్ లేదు. 2024లో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్, 2025లో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్ లాంటి గేమ్‌లకు అది తప్పనిసరి. అలాంటివి ఆడాలనుకుంటే కార్డు మార్చాలి. ఆడనివాళ్లకు తొందర లేదు.

కార్డు కంటే ముందు ఎస్ఎంపీఎస్. ఈ మాటలో రాజీ లేదు. క్యాబినెట్‌తో వచ్చిన దాని మీద 450 అని రాసి ఉన్నా నమ్మకండి. లేబుల్ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లున్నాయో చూడండి. ఉదాహరణకు అక్కడ 18 ఉంటే 12 × 18 = 216 వాట్లు. ప్రాసెసర్, కార్డు రెండూ తినేది ఆ గడిలోంచే. మీ 2600 గట్టిగా లాగితే 88 వాట్లు, కొత్త కార్డు 160, బోర్డు, ఫ్యాన్లు, డిస్కులు కలిపి 50, మొత్తం 300 దగ్గర. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ రేటింగ్ ఉన్నది, 550 వాట్లది సరిపోతుంది. 650 తీసుకుంటే రేపటి సిస్టమ్‌కూ పనికొస్తుంది. పాత దాంట్లో 8 పిన్నుల పవర్ కేబుల్ ఉండకపోవచ్చు. అప్పుడు షాపుల్లో పాత రకం నాలుగు పిన్నుల మోలెక్స్ కేబుల్ నుంచి మార్చే కన్వర్టర్ ఇస్తారు, తీసుకోకండి. కార్డు వైపు 8 పిన్నుల కనెక్టర్ 150 వాట్లకు. ఆ సన్నటి వైర్లు అంత మోయలేక కనెక్టర్ దగ్గర కరుగుతాయి. మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీయగలిగే) ఎస్ఎంపీఎస్ కొంటే దానితో వచ్చిన కేబుళ్లే వాడాలి. వేరే కంపెనీ కేబుల్ ఆకారం సరిపోయినా లోపల వైర్ల వరస వేరు, ఎస్ఎస్‌డీలు, హార్డ్‌డిస్కులు ఆ క్షణంలోనే కాలిపోతాయి.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? అయితే ప్లగ్‌లో ఎర్తింగ్ లేదు. ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించి చూడండి: ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 వోల్టుల దగ్గర, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. అది సరిచేయకుండా కొత్త కార్డు తగిలించకండి.

కార్డు ఎంపికలో మీ బోర్డు పీసీఐఈ 3.0 అన్న సంగతి గుర్తుండాలి. ఆర్‌టీఎక్స్ 4060, 5060, ఆర్‌ఎక్స్ 6600 లాంటివి 8 లేన్లతోనే (పీసీఐఈ డేటా దారులు) వస్తాయి. కొత్త బోర్డులో ఇబ్బంది లేదు. మీ బోర్డులో ఆ దారి ఇరుకు, 8 జీబీ మెమరీ నిండిపోయిన క్షణంలో ఆ ఇరుకు కుదుపుగా తెలుస్తుంది. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీకి 16 లేన్లున్నాయి. 16 జీబీ రకం దొరికితే మీ సిస్టమ్‌కు అదే తగినది, 160 వాట్లది. పాతవాటిలో ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీకి కూడా 16 లేన్లే. ఇంటెల్ ఆర్క్ బీ580 ధర చూసి మోజుపడొద్దు. దానికి రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సౌకర్యం) కావాలి, ఇంటెల్ అడిగేది రైజెన్ 3000 నుంచి పైవాటినే. మీ 2600 లాంటి ప్రాసెసర్ పక్కన దాని డ్రైవర్ బరువు ఫ్రేమ్‌లను కిందికి లాగుతుంది. క్యాబినెట్‌లో పొడవు కొలిచాకే ఆర్డర్ పెట్టండి. మీ 1060 ఒక్క ఫ్యాన్‌ది అయితే ముందు వైపున్న హార్డ్‌డిస్క్‌లు పెట్టే అర, కొత్త మూడు ఫ్యాన్ల కార్డుకు అడ్డొస్తుంది. ఎన్విడియా నుంచి ఏఎండీకి మారేటప్పుడు సేఫ్ మోడ్‌లో డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్)తో పాత డ్రైవర్ తుడిచేయండి.

సెకండ్ హ్యాండ్ కార్డు చూడటానికి వెళ్తే అమ్మేవాళ్ల దగ్గరే కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ తెరిచి చిప్ పేరు, మెమరీ సరిచూడండి, పేరు మార్చి అమ్మే కార్డులు మార్కెట్లో ఉన్నాయి. ఇరవై నిమిషాలు బరువైన టెస్ట్ నడిపించి తెర మీద చుక్కలు, గళ్లు వస్తున్నాయేమో గమనించండి. నడిపించనివ్వకపోతే లేచి వచ్చేయండి.

మీ 45 వేలలో ఎస్ఎస్‌డీ, ర్యామ్, ఎస్ఎంపీఎస్ ముందు తీసుకుని, మిగిలినదానికి కార్డు సరిపోకపోతే రెండు మూడు నెలలు ఆగండి. డబ్బు చాలక ఎస్ఎంపీఎస్‌ను వాయిదా వేసి కార్డు ముందు కొనడం మాత్రం వద్దు.

ప్రాసెసర్ చివరిది. కొత్త కార్డు పెట్టాక కూడా 1080పీలో కార్డు వాడకం 70, 75 శాతం దాటకుండా ఒకట్రెండు థ్రెడ్లు నిండిపోతుంటేనే దాని గురించి ఆలోచించండి. అప్పుడు రైజెన్ 5 5600 తీసుకోండి. 65 వాట్లదే, కూలర్ పెట్టెలోనే వస్తుంది, మీ బోర్డు మీద తేలిగ్గా నడుస్తుంది. పేరు దగ్గరగా ఉంది కదా అని 5500 గానీ 5600జీ గానీ అంటగట్టనివ్వకండి. 5600కు ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 32 ఎంబీ, ఆ రెండింటికీ 16 మాత్రమే, గేమ్‌లలో ఆ తేడా కనిపిస్తుంది. మార్చాక మొదటిసారి ఆన్ చేస్తే కొత్త ఎఫ్‌టీపీఎం కనబడింది, పాతది చెరిపేయాలా అని నల్ల తెర మీద అడుగుతుంది. బిట్‌లాకర్ కీ చేతిలో పెట్టుకున్నాకే అవును అనండి.

ఈ సలహా అంతా బోర్డు బాగున్నంత వరకే. కొత్త ఎస్ఎంపీఎస్ పెట్టాక కూడా ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతున్నా, యూఎస్‌బీ పోర్టులు ఒక్కొక్కటిగా పోతున్నా, బోర్డు మీది కెపాసిటర్ల తలలు ఉబ్బినా దాని మీద ఇంకో రూపాయి పెట్టొద్దు. పాత బీ450 బోర్డు వెతికి కొనడం కూడా దండగ. ఆ రోజున 95 వేల కొటేషన్ మళ్లీ బయటికి తీయండి. ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్, గ్రాఫిక్స్ కార్డు, క్యాబినెట్ వరసలు కొట్టేసి, మిగిలిన బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, ఈ మూడింటికే ధర అడగండి.